రెండవ గోలుకీపరు

హాకీ యనగానే మనకు స్ఫురించునది పచ్చని మైదానము, కొస వంపు తిరిగిన కఱ్ఱ, తెల్లని చిన్న బంతి. 1975లో కౌలాలంపూరులో మన జట్టు ప్రపంచ కప్పును గెలిచిన దినమున రేడియో పెట్టె చుట్టును చేరి వ్యాఖ్యానము వినిన కుటుంబములు దేశమున లెక్కకు మిక్కిలి. ఆ పేరుతోనే మఱియొక ఆట కలదు. అది గడ్డిపై ఆడునది కాదు, మంచుగడ్డపై ఆడునది. కనడా దేశమున అది జనులకు ప్రాణము. సదుం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములవారికి మంచుగడ్డ యనగా ఎండకాలమున రంపపు పొట్టులో పొదివి తెచ్చు దిమ్మ, లేదా వేసవి వానలో రాలి మామిడి పిందెలను నేల గూల్చు వడగండ్లు. అట్టి గడ్డపై మనుష్యులు గాలివలె జారుచు ఆటలాడుదురనిన వింతగానే యుండును. ఆ వింత ఆట చరిత్రలో నుండి గోలుకీపరుల కథను, అందును ముఖ్యముగా రెండవ గోలుకీపరు కథను ఇచట విన్నవించెదను. ఆ కథకు మన కొండసీమతో గల పోలిక చివర తెలియగలదు.

ముందుగా ఆట తీరు. మైదాన హాకీలో జట్టుకు పదునొకండుగురు. మంచు హాకీలో ఆరుగురు మాత్రమే. వారిలో ఐదుగురు అడుగున ఉక్కు పలక బిగించిన బూట్లు తొడిగి జారుచు ఆడుదురు. ఆఱవవాడు గోలు కాచును. ఉత్తర అమెరికాలో ఆటస్థలము 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు పలక. బంతికి బదులు పక్ అను నల్లని రబ్బరు బిళ్ళ యుండును. దాని అడ్డుకొలత 3 అంగుళములు, మందము 1 అంగుళము. అది ఎగిరెగిరి పడకుండుటకై ఆటకు ముందు దానిని గడ్డకట్టునట్లు చల్లార్చి ఉంచుదురు. బలముగా కొట్టిన బిళ్ళ గంటకు 100 మైళ్ళను మించిన వేగముతో రాగలదు. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల వాకిటి ముందు నిలిచి దానిని ఆపవలసినవాడు గోలుకీపరు.

కనడా గవర్నరు జనరలుగా నుండిన లార్డు స్టాన్లీ 1892లో ఒక వెండి గిన్నెను బహూకరించెను. 1893 నుండి ఇచ్చుచున్న ఆ స్టాన్లీ కప్పే ఈ ఆటలో పరమ లక్ష్యము. 1919లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వలనను, 2005లో యజమానులకును ఆటగాండ్రకును పుట్టిన వేతన వివాదము వలనను ఆ కప్పు ఎవరికిని దక్కలేదు. 1917లో నేషనల్ హాకీ లీగు అను వృత్తి ఆటగాండ్ర సంస్థ ఏర్పడినది. నేడు అందు 32 జట్లు కలవు. శీతకాలమంతయు ఆడిన పిమ్మట మేలైన 16 జట్లు ప్లేఆఫ్ అను తుది పోటీలకు వచ్చును. ప్రతి జంటయు ఏడు ఆటల వఱకు తలపడును. ముందుగా నాలుగు గెలిచిన జట్టు పై మెట్టునకు పోవును. అట్టి మెట్లు నాలుగు. కనుక 16 ఆటలు గెలిచినగాని కప్పు చేతికి రాదు.

ప్లేఆఫ్ ఆట సమముగా ముగిసినచో 20 నిమిషముల అదనపు ఘట్టములు ఒకదాని వెంట ఒకటి సాగును. అర్ధరాత్రి దాటినను సరే, ఎవరో ఒకరు గోలు చేయువఱకు విరామము లేదు. గోలు పడిన క్షణముననే ఆట ముగియును. గోలు చేసినవాని పేరు ఆ క్షణముతో ప్రసిద్ధికెక్కును. అంతవఱకు వాకిట నిలిచి కాచినవాని శ్రమ మాత్రము రాత్రియంతటిది.

ఇప్పుడు మన విషయమునకు వత్తము. పూర్వము ఆ లీగు జట్లకు రెండవ గోలుకీపరు లేడు. ఉన్నవాడు గాయపడినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న 1928 ఏప్రిల్ 7న మాంట్రియల్ నగరములో న్యూయార్కు రేంజర్సు జట్టునకు ఎదురైనది. అది కప్పు కొఱకు జరుగుచున్న తుది పోటీలలో రెండవ ఆట. రేంజర్సు గోలుకీపరు లోర్న్ షాబో కంటికి బిళ్ళ తగిలి అతడు ఆస్పత్రి పాలయ్యెను. ప్రేక్షకులలో నున్న వేఱొక గోలుకీపరును ఆడించుటకు ఎదిరి జట్టువారు ఒప్పుకొనలేదు. అంతట జట్టు శిక్షకుడైన లెస్టర్ పాట్రిక్, 44 ఏండ్ల వయస్సులో, తానే ఆ రక్షలు తొడిగికొని వాకిట నిలిచెను. ఒక్క గోలు మాత్రమే ఆయనను దాటిపోయినది. అదనపు సమయమున రేంజర్సు 2–1గా ఆటను గెలిచి, ఆ యేడు కప్పును కూడ సాధించెను. ఇది వీరగాథగా నేటికిని చెప్పుకొనబడుచున్నది. కాని ఆలోచించిన, ఇది ఒక లోటు కథ. వేచియున్నవాడు లేనందున తల నెరసిన శిక్షకుడు వాకిట నిలువవలసి వచ్చెను.

గాయపడిన షాబో కథ అంతటితో ముగియలేదు. 1933 ఏప్రిల్ 3న అతడు టొరాంటో జట్టు గోలు కాచుచు బోస్టను జట్టును ఎదిరించెను. అదనపు సమయమే 104 నిమిషముల 46 సెకన్లు సాగి, టొరాంటో 1–0గా గెలిచినది. ఫాస్టర్ హ్యూయిట్ అను ప్రసిద్ధ వ్యాఖ్యాత టొరాంటో ఆటలను రేడియోలో వినిపించుచుండిన కాలమది. మూడేండ్లకు, 1936 మార్చి 24న, షాబో మాంట్రియల్ మరూన్సు జట్టులో నుండెను. ఎదిరి జట్టు డెట్రాయిట్. ఆ ఆట అంతకంటెను దీర్ఘమైనది. ఆఱవ అదనపు ఘట్టమున, అదనపు సమయము 116 నిమిషముల 30 సెకన్లు గడచిన పిమ్మట, మడ్ బ్రూనెటో అను యువకుడు ఒక్క గోలు చేసెను. తెల్లవారుజాము రెండు గంటలు దాటినది. లీగు చరిత్రలో అంతకు మించిన దీర్ఘమైన ఆట నేటివఱకు లేదు. డెట్రాయిట్ గోలుకీపరు నార్మీ స్మిత్ ఆ రాత్రి తొంబదికి తక్కువ గాని దెబ్బలను ఆపెను. షాబో కూడ ఆ రాత్రియంతయు కాచెను; కాని ఓడిన పక్షమున నిలిచెను. ఆనాటికి అత్యంత దీర్ఘములైన రెండు ఆటలలో ఒకటి గెలిచి, ఒకటి ఓడినవాడు ఒక్కడే!

1938లో తుది పోటీల ముందు షికాగో జట్టు గోలుకీపరు కాలివ్రేలు విరిగినది. చిన్న లీగులలో ఆడుచుండిన ఆల్ఫీ మూర్ అను నతనిని అప్పటికప్పుడు తెచ్చి టొరాంటోకు ఎదురుగా నిలిపిరి. అతడు ఆ ఆటను 3–1గా గెలిపించెను. తరువాతి ఆటకు అతనికి అనుమతి లభింపలేదు. షికాగో ఆ యేడు కప్పు గెలిచినది. అందు మూర్ వంతు ఒక్క సాయంకాలము మాత్రమే.

రెండవవాడు లేకపోవుట వలన ఒక మేలు కూడ కలిగినది. పూర్వము గోలుకీపరులు ముఖమునకు ఏ కవచమును లేకయే ఆడుచుండిరి. 1959 నవంబరు 1న న్యూయార్కులో మాంట్రియల్ కెనేడియన్సు గోలుకీపరు జాక్ ప్లాంట్ ముఖమునకు బిళ్ళ తగిలి నెత్తురు కారినది. కుట్లు వేయించుకొని వచ్చి, ముఖకవచము లేనిదే వాకిట నిలువనని అతడు పట్టుపట్టెను. కవచము పిఱికితనమని తలచు శిక్షకునకు ఆ పట్టు నచ్చలేదు. కాని వేఱొక గోలుకీపరు లేనందున ఒప్పుకొనక తప్పలేదు. ఆ ఆట 3–1గా గెలిచిరి. 1956 నుండి 1960 వఱకు వరుసగా ఐదేండ్లు కప్పును గెలిచిన ఆ జట్టులో ప్లాంటే ప్రధాన గోలుకీపరు. నేడు కవచము లేని గోలుకీపరు ఎచ్చటను కానరాడు.

1960ల నడుమ ప్రతి జట్టును ఇద్దరు గోలుకీపరులను సిద్ధముగా నుంచవలెనను నియమము వచ్చినది. దాని ఫలము 1971లో కనబడినది. కెన్ డ్రైడన్ అను న్యాయశాస్త్ర విద్యార్థి ఆ యేడు మాంట్రియల్ పక్షమున లీగులో ఆఱు ఆటలు మాత్రమే ఆడియుండెను. అయినను ప్లేఆఫ్ పోటీలలో అతనినే నిలిపిరి. అతడు 20 ఆటలును తానే ఆడి, అంతకు ముందటి యేటి విజేతయైన బోస్టనును ఏడు ఆటలలో ఓడించుటకు తోడ్పడి, కప్పును జట్టునకు తెచ్చి, ప్లేఆఫ్ పోటీల ఉత్తమ ఆటగాడుగా బహుమానము పొందెను. నూతన ఆటగాని బహుమానము అతనికి మఱుసటి యేట, 1972లో, లభించినది! ఆఱు ఆటల అనుభవము గలవాడు ఇంతటి పని చేయుటకు కారణము అదృష్టము కాదు. పిలుపు వచ్చునాటికి అతడు సిద్ధముగా నుండెను.

ఇక మన సీమకు వత్తము. మనకు మంచు హాకీ లేదు. భారతదేశమున అది ముఖ్యముగా లదాఖు వంటి చలి ప్రాంతములకు చెందినది. కాని గోలు కాచువారి జీవితము గడ్డిపైనను మంచుపైనను ఒక్కటే. సదుం, పీలేరు ప్రాంతములకు చేరువగా, ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఎనుములవారిపల్లెలో 1990లో పుట్టిన ఏటిమరపు రజని భారత మహిళా హాకీ జట్టు గోలుకీపరు అయినది. ఆమె కాలమున జట్టు మొదటి గోలుకీపరు హర్యానాకు చెందిన సవిత. ఆమె ప్రపంచ ప్రసిద్ధురాలు. కనుక రజని పెక్కు పోటీలలో రెండవ స్థానమున నుండెను. 2017లో జపానులో ఆసియా కప్పును షూటౌటులో చైనాపై 5–4గా గెలిచిన జట్టులోను, 2018 ఆసియా క్రీడలలో రజత పతకము పొందిన జట్టులోను, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో కాంస్యము పొందిన జట్టులోను ఆమె కలదు. టోక్యో ఒలింపిక్సుకు వెళ్ళిన బృందముతో పోయి వచ్చిన పిమ్మట 2021లో రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు 25 లక్షల రూపాయల బహుమతి ప్రకటించినది.

2024 జనవరిలో మస్కటు నగరమున జట్టుకు ఐదుగురు చొప్పున ఆడు హాకీలో మహిళల ప్రపంచ కప్పు జరిగినది. భారత జట్టునకు నాయకురాలు రజని. తుది ఆటలో నెదర్లాండ్సు 2–7గా మనలను ఓడించినను, రజత పతకము మనకు దక్కినది. ఏండ్ల తరబడి ఇతరుల వెనుక సిద్ధముగా నుండిన మనిషి నాయకత్వమునకు తగినదని జట్టు నమ్మినది.

రెండవ గోలుకీపరు మొదటివారివలెనే వేకువన లేచును, అన్ని సాధనలును చేయును. ఆటనాడు మాత్రము బెంచీపై కూర్చుండును. వార్తాపత్రికలో పేరు రాదు. ఇంటివారు, "నీవు ఆడనే లేదు గదా" యని అడుగుదురు. ఆ ప్రశ్నయే అనేక బిడ్డలను, ముఖ్యముగా ఆడబిడ్డలను, మైదానము నుండి ఇంటికి మఱలించుచున్నది. అట్టివారికి ఈ చరిత్ర ఒక సమాధానము చెప్పుచున్నది. 1928లో రెండవవాడు లేని జట్టు తన శిక్షకుని ప్రాణములకు తెగించి నిలుపవలసి వచ్చెను. 1971లో రెండవవాడు ఉన్న జట్టు కప్పు గెలిచెను. వేచియుండుట జట్టులో ఒక ఉద్యోగమే. దానిని చేయువారి జీతము ఆలస్యముగా వచ్చును. ఒక్కొక్కప్పుడు రాకయు పోవును. ఆ సంగతి తెలిసియే ప్రతి ఉదయమును రక్షలు తొడిగికొను బిడ్డను, ఎన్ని గోళ్ళు ఆపితివని అడుగుటకు ముందు, నేటి సాధన ఎట్లు జరిగినదని అడుగుట పెద్దలకు ఉచితము.