కొండ చిక్కుళ్ళు – మాంసకృత్తులు

కొండలపై పండిన గింజలో బలం అధికమని మనలో చాలామంది నమ్మకం. అందులో నిజమెంతో తెలుసుకొనుటకు, తెలుగునాట కొండపంటగా పేరొందిన రాజ్మా చిక్కుళ్ళను ఉదాహరణగా తీసికొందాము.

రాజ్మా చల్లదనాన్ని కోరే పైరు. ఎండ ముదిరితే దాని పూత రాలిపోతుంది. అందువలననే సముద్రమట్టానికి 800–900 మీటర్ల ఎత్తున ఉన్న చింతపల్లి, అరకు మన్యంలో గిరిజన రైతులు వర్షాకాలం చివర దానిని విత్తుతారు. ఈ మన్యం 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. కొండ ఆ పైరుకు ఇచ్చేది అనువైన వాతావరణమే గాని మాంసకృత్తులు కావు.

మాంసకృత్తులకు మూలం నత్రజని. కంది, పెసర, అనుము వంటి పైర్ల వేరు బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. రాజ్మా వేళ్ళపై ఈ బుడిపెలు మన దేశంలో సరిగా ఏర్పడవు. ఆ లోటును ఎరువు తీర్చవలసినదే. కావున గింజలోని మాంసకృత్తులు విత్తన రకంపైన, నేలసారంపైన, వాతావరణంపైన ఆధారపడతాయి. కేవలం ఎత్తుపైన కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు రాజ్మాలో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. కందిపప్పులో సుమారు 22 గ్రాములు. మన మైదానాల కంది కొండ చిక్కుడుకు ఏమాత్రం తీసిపోదు.

గింజ ఎక్కడ పండినదన్న దానికంటె, దానిని దేనితో కలిపి భుజిస్తున్నామన్నది ముఖ్యం. బియ్యం, జొన్నలలో లైసీను తక్కువ; పప్పులో అది పుష్కలం. పప్పులో కొరవడిన మెథియొనీనును ధాన్యం సమకూరుస్తుంది. ఒక ఇంటి కిచిడీలోను, మరొక ఇంటి జొన్నరొట్టె, పప్పులోను ఉన్న శాస్త్రం ఒక్కటే.

2020 నాటి ప్రమాణాల ప్రకారం వయోజనులకు శరీరపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 50 కిలోల విద్యార్థికి సుమారు 42 గ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం నుండి 32 గ్రాములు లభిస్తాయి. 50 గ్రాముల కందిపప్పు మరి 11 గ్రాములు చేరుస్తుంది. లెక్క సరిపోయింది! గదిలో వండుకొని పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొనే విద్యార్థికి లోపించేది ఆ గుప్పెడు పప్పే.

కమిటీ పెద్దలు మధ్యాహ్నవేళ ఒక గరిటెడు చిక్కని పప్పుకు ఏర్పాటు చేయగలిగితే, అది చదువుకు చేసిన సాయమే అవుతుంది. విద్యార్థులారా! ఖరీదైన కొండ చిక్కుళ్ళ కొరకు వెదకవద్దు. మీ కుండలోని పప్పును పలుచన కానీయవద్దు.