అద్దం మీద ఆగిన కాలు

ఈ వారం ముఖచిత్రానికి ఎడిటర్‌గారు చెప్పిన విషయం విశాఖ కైలాసగిరి గాజు వంతెన. శుక్రవారం సాయంత్రానికి కథనం చేతికివ్వాలి. ఫొటోలు ముందే వచ్చేశాయి. కింద కొండవాలు, దూరంగా సముద్రం, గాజు మీద చేతులు చాచి నవ్వుతున్న జనం. వాటిలో ఒకదాన్ని నేను పక్కన పెట్టుకున్నాను. గాజు మొదలయ్యే చోట ఒకావిడ రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. వెంట వచ్చినవాళ్లు చెయ్యి పట్టి గుంజుతున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. ఈ కథనం ఆవిడ పక్షాన రాస్తున్నాను.

ఆవిడ కాలు ఎందుకు కదల్లేదో చెప్పే వ్యాసం ఒకటి 1960 ఏప్రిల్‌లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో అచ్చయింది. రాసినవాళ్లు కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్. గాజు నేల గురించి ఇంతకంటే ప్రాణమున్న రచన నాకు ఎక్కడా దొరకలేదు.

వాళ్లు చేసిన ఏర్పాటు చాలా మామూలుది. నేలకు ఎత్తుగా మందపాటి గాజు పలక బిగించారు. దాని మధ్యలో ఒక చెక్క. చెక్కకు ఒక పక్కన గాజుకు అడుగున అంటించినట్టు గళ్ల గుడ్డ పరిచారు. రెండో పక్కన అదే గళ్ల గుడ్డను కింద నేల మీద పరిచారు. కాబట్టి కంటికి ఒక వైపు గచ్చు, ఇంకో వైపు లోయ. గాజు మాత్రం రెండు వైపులా ఒక్కటే, బరువు మోయడంలో తేడా లేదు. పిల్లను చెక్క మీద కూర్చోబెట్టి, ఒకసారి ఈ పక్క నుంచి, ఒకసారి ఆ పక్క నుంచి పిలవమని తల్లికి చెప్పారు.

ఆరు నెలల నుంచి పద్నాలుగు నెలల వయసు పిల్లలు 36 మంది. వాళ్లలో 27 మంది చెక్క దిగి కదిలారు. ఆ 27 మందీ గచ్చులా కనిపించే పక్కకు ఒక్కసారైనా పాకారు. లోయ పక్కకు వెళ్లినవాళ్లు ముగ్గురే. లోయ అవతల నుంచి అమ్మ పిలుస్తుంటే కొందరు అమ్మకే దూరంగా పాకిపోయారు. కొందరు అమ్మ దగ్గరికి పోలేక ఏడ్చారు. కొందరైతే గాజును అరచేత్తో తట్టి చూశారు. చేతికి గట్టిగానే తగిలింది. అయినా వెనక్కే తిరిగారు.

ఆ తట్టి చూడటం దగ్గరే నా చదువు ఆగిపోయింది. ఏడాది నిండని పిల్లకు చెయ్యి ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. పిల్ల కన్ను మాటే విన్నది. ‘గట్టి గాజే, ఏం గాదు, రా’ అని మనం నచ్చజెప్పేది బుద్ధికి. కాలు ఆపింది బుద్ధి కాదు.

మేకపిల్లలనూ పరీక్షించారు. ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్‌లో మా గౌలిపుర గల్లీల్లో గడపల ముందు యాటలు కట్టేసి ఉంటాయి. తాడు ఊడిందంటే మెట్లెక్కి పిట్టగోడ అంచున హాయిగా నిలబడే జాతి అది. అలాంటి జాతిలో పుట్టి ఒక్కరోజైన పిల్ల కూడా లోయ పక్కకు అడుగు వెయ్యలేదు. ఎత్తి ఆ గాజు మీద పెడితే ముందుకాళ్లు బిగుసుకుపోయాయి, వెనుకకాళ్లు సత్తువ లేనట్టు వాలిపోయాయి. మనిషి పిల్లల్లో మాత్రం పాకడం అలవాటయ్యాకే ఈ జాగ్రత్త గట్టిపడుతుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. అంటే కదలడం నేర్చుకున్నకొద్దీ ఒంటికి పట్టిన తెలివి ఇది. దాన్ని పిరికితనం అనడం నాకు ఒప్పుదల కాదు.

ఈ ఏర్పాటుతోనే 1985లో జేమ్స్ సోర్స్, సహ పరిశోధకులు ఇంకో పని చేశారు. ఏడాది పిల్లలు, లోతు మరీ ఎక్కువా తక్కువా కాకుండా సుమారు అడుగు. తల్లి నోరు విప్పకూడదు, ముఖంతోనే చెప్పాలి. తల్లి సంతోషంగా చూసినప్పుడు 19 మందిలో 14 మంది గాజు దాటి వచ్చారు. భయంగా చూసినప్పుడు 17 మందిలో ఒక్కరూ రాలేదు. కోపంగా చూస్తే 18 మందిలో ఇద్దరే వచ్చారు. రెయిలింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లను కసురుకునే మగవాళ్లు ఈ చివరి లెక్క ఒకసారి చూడాలి.

గాజు నేలల చరిత్ర సంగతికొస్తే, టొరంటో సీఎన్ టవర్‌లో 342 మీటర్ల ఎత్తున 1994లో గాజు నేల వేశారు. 1998లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ టవర్, 2009లో చికాగోలో 412 మీటర్ల ఎత్తున గాజు పెట్టెలు, 2014లో ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు, 2016లో చైనా ఝాంగ్‌జియాజియే వంతెన. మన దక్షిణాదిలో 2023లో కేరళ వాగమన్. 2025 డిసెంబర్‌లో కైలాసగిరి, 55 మీటర్ల పొడవుతో.

కైలాసగిరిది టవర్ కాదు, కొండ అంచు నుంచి గాల్లోకి చాచిన వంతెన. మొదట్నుంచీ నాకు అక్కడి సముద్రమంటే ఇష్టం. ఆ కొండ మీద బెంచీ మీద కూర్చున్నా ఆ సముద్రమే కనిపిస్తుంది. గాజు కొత్తగా చూపించేది కాళ్ల కింది ఖాళీని. టికెట్ కొనేది దానికే. చైనాలోని హెబే రాష్ట్రంలో 2017లో ఒక గాజు బాట మీద అడుగు వేయగానే పగుళ్లు పాకినట్టు బొమ్మ, చప్పుడు పెట్టారు. జనం బెంబేలెత్తి మోకాళ్ల మీద పడ్డారు. భయాన్ని అలా అమ్మడం నాకు నచ్చదు.

ఎత్తు మీద ఒళ్లు తూలడానికి కారణం ఉంది. నిలబడ్డప్పుడు మన ఒళ్లు కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. దగ్గరి వస్తువులను చూసి కన్ను ఆ ఊపును సరిదిద్దుతుంది. దగ్గర ఏమీ లేకపోతే కంటికి ఆనవాలు దొరకదు. చార్మినార్ మొదటి అంతస్తు ఎక్కినప్పుడు నాకు ఈ తూలు రాదు. గుల్జార్ హౌజ్ వైపు చూస్తున్నా పక్కనే కమాను ఉంటుంది, చేతికి సున్నపు గోడ తగులుతుంది, కాళ్ల కింద గచ్చు ఉంటుంది. గాజు మీదికి వెళ్లేవాళ్లూ ఇదే చేయొచ్చు: పక్కనున్న కమ్మీని పట్టుకుని, కాసేపు దాన్నే చూసి, ఆ తర్వాత దూరానికి, చివరికి కిందికి. కళ్లు తిరిగితే కూర్చోవాలి.

రెండు పాత గచ్చులు

మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు గచ్చును నీళ్లనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నాడు, నీళ్లను గచ్చనుకుని మడుగులో పడ్డాడు. చూసినవాళ్లు నవ్వారు. ఖురాన్‌లోని నమ్ల్ సూరాలో షీబా రాణి సులేమాన్ ప్రవక్త ప్రాసాదంలోకి వచ్చి, గాజు నేలను నీళ్లనుకుని కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుంది. ఇది గాజు అని ఆమెకు చెప్పారు. మొదటి కథ మా గల్లీలో, రెండోది పక్కనే మొఘల్‌పురాలో పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తాయి. ఒకచోట నవ్వు పగ పెంచింది. ఇంకోచోట చెప్పిన మాట విశ్వాసానికి దారి తీసింది.

పగిలితే?

ఇప్పటి గాజు నేలలు ఒకే పలక కాదు. గట్టిపరచిన గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. ఒక పొర చిట్లినా ముక్కలు రాలవు, మిగతా పొరలు బరువు మోస్తాయి. 2014 మేలో చికాగోలో సందర్శకుల కాళ్ల కింద పగుళ్లు కనిపించాయి. పగిలింది గీతలు పడకుండా పైన వేసిన రక్షణ పూత మాత్రమే. అదే ఏడాది నవంబర్‌లో లండన్ టవర్ బ్రిడ్జి గాజు నేల మీద సీసా పడి పై పొర పగిలింది. పగలడానికే వేసిన పొర అది.