క్రిములను చంపే ఆపరేషన్ బట్టలు

ఆపరేషన్ గాయంలో చీము పట్టించే బ్యాక్టీరియా చాలావరకు రోగి చర్మం మీదిదే. కొంత మాత్రం చుట్టూ ఉన్న డాక్టర్లు, నర్సుల ఒంటి నుంచి వస్తుంది. మనిషి చర్మం ఎప్పుడూ సన్నని పొలుసులు రాలుస్తూనే ఉంటుంది; వాటి మీద స్టెఫైలోకాకస్ వంటి క్రిములు ప్రయాణం చేస్తాయి. వాటిని కోత దాకా రానీయకుండా ఆపేది సర్జన్ తొడుక్కున్న గౌను, రోగి మీద కప్పిన డ్రేప్.

నూలు గౌను పొడిగా ఉన్నంతసేపే అడ్డు. రక్తమో సెలైనో తగిలి తడిస్తే ఆ తడి వెంటే క్రిములు అవతలికి దాటేస్తాయి. అమెరికన్ సర్జన్ విలియం బెక్ 1952లోనే ఈ సంగతి చూపించాడు. తర్వాతి కాలంలో నీరు పీల్చని దగ్గర నేత పాలిస్టర్ గౌన్లు, పాలిప్రొపిలీన్ పొరలతో చేసిన వాడిపారేసే గౌన్లు వాడుకలోకి వచ్చాయి.

అడ్డుకోవడమే కాదు, బట్టే క్రిమిని చంపాలన్న ఆలోచన అంతకంటే పాతది. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, ఎముక విరిగి చర్మం చీలిన ఒక బాలుడి కాలి మీద కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ వేశాడు. గాయం చీము పట్టకుండా మానింది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా వెండికి అప్పగిస్తున్నారు. తేమ తగలగానే వెండి అయాన్లు విడుదలై క్రిమి కణపొరను దెబ్బతీస్తాయి, లోపలి ఎంజైములను పనిచేయనీయవు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ నానో వెండిని తాగునీటి క్యాండిల్ ఫిల్టర్లకూ బట్టలకూ పట్టించే పని చేసింది.

చిక్కంతా సమయంతోనే. ఇలాంటి బట్టలకు చేసే ప్రామాణిక పరీక్షల్లో క్రిములను మామూలుగా 18 నుంచి 24 గంటలు బట్ట మీద ఉంచి, తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. చాలా ఆపరేషన్లు రెండు మూడు గంటల్లో అయిపోతాయి. కాబట్టి పెట్టె మీద రాసిన '99 శాతం' అంకె థియేటర్‌లో గౌను చేసే పనిని చెప్పదు. పైగా రక్తంలోని ప్రొటీన్లు వెండిని పట్టేసుకుని దాని జోరు తగ్గిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో ఉతికి శుద్ధిచేసిన నేత బట్టలను, వాడిపారేసే వాటిని సమానంగానే ఒప్పుకుంది. చర్మానికి అంటించే ప్లాస్టిక్ డ్రేపులను మాత్రం, వాటిలో క్రిమిసంహారక మందు ఉన్నా సరే, ఇన్ఫెక్షన్ నివారణ కోసం వాడవద్దని సూచించింది.

అనంతపురం పీఠభూమిలో, ఏ గౌను వాడాలన్న లెక్కలోకి నీళ్లు కూడా వస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి, బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి ఉన్నది ఇక్కడే. నేత బట్టలు వాడితే ప్రతి ఆపరేషన్ తర్వాతా ఉతకాలి, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టాలి. రెండింటికీ నీళ్లే కావాలి. వాడిపారేస్తే నీళ్లు మిగులుతాయి కానీ ఆ గౌన్లన్నీ ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచుల్లోకెక్కి, కాల్చే కొలిమికి పోతాయి. వెండి పూత ఉంది కదా అని ఉతుకు మానడానికి వీల్లేదు. ఉతికే కొద్దీ ఆ వెండి కొంచెం కొంచెం మురుగునీటిలో కలిసిపోతుంది.

క్రిములను చంపే ఈ బట్టలు నిజంగా అక్కరకొచ్చేది వార్డులో. దుప్పట్లు, పడకల మధ్య తెరలు రోజుల తరబడి అక్కడే ఉంటాయి. ఆసుపత్రి బట్టల మీద, ప్లాస్టిక్ మీద కొన్ని రకాల క్రిములు ఒక్క రోజే బతికితే, కొన్ని 90 రోజులకు పైగా బతికాయని 2000లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అలాంటి చోట 24 గంటల్లో చంపే బట్టయినా ఉపయోగమే. అందుకని కొనుగోలు కాగితం మీద ముందు అడగాల్సినవి రెండు: ఎంతసేపట్లో చంపుతుంది, ఎన్ని ఉతుకులకు నిలుస్తుంది.