ఐరోపా బస్సు యాత్రలో బసలు, వింతలు

ఐరోపాలో బస్సు యాత్రకు వెళ్లిన మనవారికి తొలి వింత డ్రైవరే. నాలుగున్నర గంటలు బండి నడిపిన పిమ్మట అతడు ముప్పావుగంట విశ్రమించి తీరవలెను. ఇది 2006లో ఐరోపా సమాఖ్య చేసిన శాసనము. బస్సులోని టాకోగ్రాఫ్ అను యంత్రము ప్రతి నిమిషమును నమోదు చేయుచుండును గనుక, బతిమాలి ప్రయోజనము లేదు. రాత్రి విశ్రాంతి సాధారణముగా పదకొండు గంటలు. రాత్రి ఆలస్యముగా హోటలు చేరినచో, మరునాటి ప్రయాణమును ఆలస్యమే. విసుగుకొనువారు కలరు. కాని నలుబదిమంది ప్రాణములు అతని మెలకువపై ఆధారపడి యున్నవి గదా!

ఇక బసలో వింతలు. ఇటలీ హోటళ్లలో స్నానాలగదిలో గోడవార నొక త్రాడు వ్రేలాడుచుండును. దీపము కొరకని లాగెదరు. అది ఆపదలో సాయము పిలుచు గంట! క్రింది నుండి గుమాస్తా పరుగున వచ్చి తలుపు తట్టును. పాపము, అతనికిది అలవాటే.