మీకు తెలుసా? దయాల్‌బంద్ బీరువాలో బాలి దీవి

బిలాస్‌పూర్‌కు తెలుగువాళ్లను తెచ్చింది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాలకని వచ్చినవాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు. అలా దయాల్‌బంద్‌లో స్థిరపడిన ఒక తెలుగింటి బీరువా తెరిచామనుకోండి. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పోచంపల్లి చీర ఉంటుంది. దాని పక్కనే చాంపా నుంచి తెచ్చుకున్న కోసా చీర. కింది అరలో, అమ్మాయి గోల్‌బజార్‌లో కొనుక్కున్న ‘ఇకత్ ప్రింట్’ కుర్తీ. ఈ మూడింటి వెనకా సముద్రాలు దాటిన కథలున్నాయి.

పేరు దీవులది, పని మనది

‘ఇకత్’ మన మాట కాదు. ఇండోనేసియా భాషలో ‘మెంగికత్’ అంటే కట్టడం. నేయకముందే నూలును లెక్క ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగెక్కదు. కట్లు విప్పి మగ్గమెక్కిస్తే, నేత సాగుతున్నకొద్దీ బొమ్మ తేలుతుంది. పోచంపల్లి వైపు ఈ పనిని ‘చిటికి’ అన్నారు. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో కట్లు కట్టడం అక్కడ మామూలే. పని మన నేతగాళ్లకు తరతరాలుగా తెలిసినదే అయినా, ప్రపంచ బజారులో దానికి నిలిచిన పేరు మాత్రం ఆ దీవుల భాషది.

కోసా అంటే మన దసలే

చాంపా బిలాస్‌పూర్ నుంచి రైల్లో గంట దూరం. అక్కడ కోసా అనే తసర్ పట్టునే తెలంగాణలో దసలి అంటారు. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దీన్ని పండిస్తారు. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెరిగేది కాదు ఈ పురుగు. ఆరుబయట మద్దిచెట్ల మీద ఆకు తిని పెరుగుతుంది. పిట్టలు ఎత్తుకుపోకుండా మనిషి చెట్ల కింద కాపలా ఉండాలి.

ఒక దసలి పట్టుకాయను అరచేతిలో పెట్టుకుని చూడండి. చిన్న గుడ్డంత ఉంటుంది, వేలితో నొక్కితే లొంగదు. పైన గట్టి కాడ, కాడ చివర చిన్న ఉంగరం. ఆ ఉంగరంతోనే పురుగు తన గూటిని కొమ్మకు వేలాడదీసుకుంటుంది. చీరలో మనం మెచ్చుకునే తేనెరంగు ఏ రంగులవాడూ వేసింది కాదు, ఆ గూటిదే. తసర్ పురుగు మేలైన గుడ్లను అందించే కేంద్ర పట్టు మండలి సంస్థకు ప్రధాన స్థానం కూడా మన బిలాస్‌పూరే.

పారిస్ చూసిన అడవి పట్టు

తసర్‌కు ఒక చిక్కుండేది. దాని సొంత గోధుమరంగు మీద వేరే రంగు సరిగా పట్టేది కాదు. ఇంగ్లండ్‌లోని లీక్ పట్టణంలో థామస్ వార్డిల్ అనే రంగులద్దే నిపుణుడు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి దానికి దారి కనిపెట్టాడు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆయన తసర్ బట్టలు అందరినీ ఆకట్టుకున్నాయి. ‘టస్సోర్’ అనే పేరుతో ఐరోపా ఈ పట్టును తన దుస్తుల్లో కలుపుకుంది. మన అడవిలో పండిన దారానికి పరాయి దేశపు అద్దకం తోడై, కొత్త ఫ్యాషన్ పుట్టింది.

నూనె, బూడిద: రెండు తీరాల్లో ఒకే తెలివి

బాలి దీవి తూర్పున, కరంగాసెం ప్రాంతంలో, తెంగనాన్ అనే ఊరుంది. అక్కడి బట్ట పేరు గెరింగ్‌సింగ్. ‘గెరింగ్’ అంటే జబ్బు, ‘సింగ్’ అంటే లేదు. ఒంటి మీద ఉంటే రోగం దరిచేరదని వాళ్ల నమ్మకం. పడుగునూ పేకనూ రెండింటినీ కట్టి రంగు వేసి, నేసేటప్పుడు ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా కలిపే డబుల్ ఇకత్ ఇది. ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఈ విద్య ఉంది. గుజరాత్‌లో పాటన్ పటోలా ఒకటి. మన పుట్టపాక, చీరాల తేలియా రుమాలు ఇంకొకటి.

అసలు సంగతి నూలు దగ్గరుంది. తెంగనాన్‌లో నూలును ముందుగా ఒక గింజ నూనెలో, కట్టెల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. తేలియా రుమాలుకూ అంతే. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలుకు మళ్లీ మళ్లీ పట్టించి ఎండబెడతారు. నూనెను హిందీలో తేల్ అంటారు కాబట్టే అది తేలియా అయింది. కొత్త రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ నూనె వాసన ఇంకా తగులుతుంది. క్షారాన్నీ నూనెనూ తాగిన నూలు ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ ఆ ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు బెరడులోంచి వస్తే, మన తీరంలో ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. మధ్యలో బంగాళాఖాతమూ దాని అవతలి సముద్రాలూ ఉన్నా, ఎరుపు నిలవడానికి రెండు తీరాలూ నమ్ముకున్నది నూనెనూ బూడిదనే.

మిరియానికి బట్ట, జాజికాయకు బట్ట

17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టింది బట్ట కోసం. ఇండోనేసియా దీవుల్లో లవంగం, జాజికాయ, మిరియం కావాలంటే వెండి కంటే కోరమండల్ బట్టే బాగా చెల్లేది. అక్కడి ఇష్టాన్ని బట్టి ఇక్కడ రంగులు, అంచులు మారేవి. సులవేసి దీవిలో తొరాజా జనం అలా వచ్చిన భారతీయ బట్టలను తాతల నాటి పవిత్ర వస్తువులుగా దాచుకున్నారు. బాలిలో చేపుక్ అనే పూజ వస్త్రం గుజరాత్ పటోలా నమూనాను తనదిగా చేసుకున్నదే. మనం ‘బాలి సంప్రదాయం’ అనుకునేదాంట్లో మన దేశపు మగ్గాల పాలు కూడా ఉందన్నమాట.

రుమాలు మీద విమానం

చీరాల రుమాళ్లు గల్ఫ్ దేశాలకు తలపాగాలుగా వెళ్లాయి. ఎండకూ దుమ్ముకూ నూనె తాగిన బట్ట చల్లగా, మెత్తగా ఉండేది. కాలం మారుతున్నకొద్దీ ఏనుగులు, సింహాల పక్కన గడియారాలు, విమానాలు వచ్చి చేరాయి. ఆకాశంలో కొత్తగా చూసిన దాన్ని నేతగాడు కట్ల లెక్కలోకి దించి రుమాలు మీద నిలబెట్టాడు. ఈ విద్యను పుట్టపాకలో నిలబెట్టిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

చీరకు తొమ్మిది వేల సార్లు

చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల మీదుగా చేతిని అటూ ఇటూ తిప్పుతూ దారం పేర్చే పని అది. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలి. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

చాంపాలోనూ ఇలాంటి బాధే ఉండేది. ఉడికించిన కాయల నుంచి తీసిన పోగులను ఆడవాళ్లు తొడ మీద రుద్ది దారం చేసేవాళ్లు. చర్మం కమిలి పుండ్లు పడేవి. దానికి విరుగుడుగా వచ్చిన ‘బునియాద్’ యంత్రాన్ని కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థ చాంపాకు చెందిన ఒక పారిశ్రామికుడితో కలిసి రూపొందించింది. కొత్తదనమంటే డిజైన్ మారడమొక్కటే కాదు. చేసేవాళ్ల ఒళ్లు నొప్పి తగ్గడం అంతకంటే పెద్ద కొత్తదనం.

మంగళవారం ఎండెక్

బాలిలో మరో ఇకత్ పేరు ఎండెక్. 2020 సెప్టెంబరులో పారిస్‌లో డియోర్ సంస్థ తన ప్రదర్శనలో ఎండెక్ బట్టతో కుట్టిన దుస్తులు చూపించింది. మరుసటి ఏడాది బాలి గవర్నరు మంగళవారాల్లో ఎండెక్ కట్టుకోవాలని ఉత్తర్వు పంపారు. పారిస్ మెచ్చిన బట్టకు సొంతూళ్లో వారంలో ఒక రోజు దక్కింది. మన దేశంలో 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినం జరుపుకుంటున్నాం. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజది. ఏడాదికి ఒక్క రోజుతో మగ్గానికి కడుపు నిండదు. వారానికి ఒక్క రోజు మన ఇంట్లోనూ పెట్టుకోగలిగితే ఎంత బాగుండు!

బీరువా దగ్గర చిన్న పరీక్ష

ఇప్పుడు ఆ మూడు బట్టలూ మంచం మీద పరవండి. పోచంపల్లి చీర కొంగు తిరగేయండి. బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు ఈకలా కాస్త చెదిరి ఉంటాయి. కట్టినచోట రంగు రవ్వంత లోపలికి పాకిన గుర్తు అది. కుర్తీ తిరగేస్తే వెనక వైపు వెలవెలబోతుంది, గీతలు గీసినట్టు నిటారుగా ఉంటాయి. దానిది అచ్చు. కోసాలోంచి ఒక పోగు లాగి వెలిగించి చూడండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి వేళ్ల మధ్య పొడి అయిపోతే అసలు పట్టు. కరిగి ముత్యంలా గట్టిపడితే నకిలీ.

కుర్తీ వేసుకోవద్దని కాదు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కొంగు అంచు మీద వేలు పెట్టించండి. చెదిరిన ఆ రంగులో ఒక తల్లి తిప్పిన తొమ్మిది వేల తిప్పులున్నాయని చెప్పండి. ఈసారి గోల్‌బజార్‌కు వెళ్లినప్పుడు, ధర అడిగేముందు బట్టను తానే తిరగేసి చూస్తుంది.