అమ్ముడుపోని పంటకు నష్టపరిహారము: అమెరికా తోట రైతుల అనుభవము

తెగులు సోకి పోయిన పంట నష్టము అందరికిని కనబడును. పండియు అమ్ముడుపోని పంట నష్టము రైతునకు మాత్రమే తెలియును. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి వలన రాకపోకలు స్తంభించినపుడు మన రాయలసీమ అరటి, బత్తాయి రైతులకు ఈ కష్టమే వచ్చెను. ఆ నెలలోనే అమెరికాలో హోటళ్ళు, పాఠశాలలు మూతపడగా, వానికి సరకు పంపు రైతులు చేతికందిన కూరగాయలను పొలములోనే దున్నివేసిరి. ఇట్టి నష్టమును ఆ ప్రభుత్వము ఏ లెక్కన పూడ్చినదో మన రైతులు తెలిసికొనుట మంచిది.

2020 ఏప్రిల్ 17న అమెరికా వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల సహాయము ప్రకటించెను. ఇందు 1,600 కోట్లు నేరుగా రైతులకు ఇచ్చుటకును, 300 కోట్లు పాలు, మాంసము, పండ్లు, కూరగాయలు కొని అవసరమున్న కుటుంబములకు పంచుటకును కేటాయించిరి.

పండ్లు, కూరగాయల నష్టమును మూడు విధములుగా లెక్కించిరి:

1. జనవరి మధ్య నుండి ఏప్రిల్ మధ్య వరకు ధర 5 శాతము గాని, అంతకు మించి గాని పడిపోయిన పంటను ఆ కాలములో అమ్ముకొన్న నష్టము.
2. సరకు తోట దాటియు చెడిపోవుట, లేక దాని సొమ్ము రాకపోవుట.
3. కొనువారు లేక సరకు తోటలోనే నిలిచిపోవుట, లేక కోయక విడిచిపెట్టుట.

మొదట ఆపిల్ పంటకు ధర తగ్గిన నష్టము ఇవ్వలేదు. ధరల వివరములు పంపుమని శాఖ కోరి, వానిని పరిశీలించిన పిమ్మట, జూలైలో ఆపిల్‌ను మొదటి తరగతిలో చేర్చెను. ధర చీటీలకు ఎంత విలువ కలదో దీనివలన తెలియుచున్నది.

2020 సెప్టెంబరు 21 నుండి రెండవ విడత దరఖాస్తులు తీసికొనిరి. ఈసారి లెక్క తేలిక: 2019లో పండ్లు, కూరగాయలు అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత శాతము. 50,000 డాలర్ల లోపు అమ్మకముపై 10.6 శాతము, ఆపై మొత్తమునకు శాతము క్రమముగా తగ్గును. అనగా 40,000 డాలర్ల పండ్లు అమ్మిన రైతునకు 4,240 డాలర్లు. ఈ పద్ధతిలో లోపము లేకపోలేదు. శాతము తగ్గించిననూ, ఎక్కువ అమ్మిన పెద్ద రైతునకే ఎక్కువ సొమ్ము ముట్టును.

మన దేశములో 2020 ఏప్రిల్‌లో పి.ఎం. కిసాన్ వాయిదా 2,000 రూపాయలు ముందుగా చెల్లించిరి. అది భూమిగల కుటుంబమునకు ఇచ్చునది. పంట నష్టముతో దానికి సంబంధము లేదు. నష్టపోయిన కౌలుదారునకు అందలి భాగము లేదు. అమెరికా పథకములోనో, పంట నష్టభారము మోయువాడే అర్హుడు.

కనుక రైతు సోదరులు ఈ క్రింది అలవాట్లు చేసికొనవలెను:

• ప్రతి అమ్మకమునకు తేదీ, తూకము, ధర, కొన్నవారి పేరు పుస్తకములో వ్రాసి, కాటా చీటీలను భద్రపరచవలెను.
• అమ్ముడుపోని సరకును పారబోయుటకు ముందే తూచి, ఫోటో తీయించి, గ్రామ వ్యవసాయ సిబ్బందికి చూపవలెను.
• కౌలు ఒప్పందమును నోటిమాటతో విడువక కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఆపద వచ్చిన పిమ్మట లెక్కలు పుట్టించలేము. నేడు వ్రాసిన చీటీయే రేపు రైతు పక్షమున సాక్ష్యము పలుకును.