కొత్త స్పీకర్లు కొనే ముందు కొలిపించండి

ఘంటసాల పాత పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవే. కుడి స్పీకరుకీ ఎడమ స్పీకరుకీ వెళ్లేది ఒకటే శబ్దం కాబట్టి గొంతు మనకు ఎదురుగా, రెండింటి నడుమ నుంచి వినబడాలి. మన కార్లలో డ్రైవరు సీట్లో కూర్చుంటే మాత్రం ఆయన కుడి తలుపు పక్కనే పాడుతున్నట్టు ఉంటుంది. ఇది స్పీకర్ల లోపం కాదు, దూరంలో తేడా.

కుడి స్పీకరు మీ తలకు 80 సెంటీమీటర్ల దూరంలో, ఎడమది 130లో ఉందనుకుందాం. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఎడమ శబ్దం దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యం. అంత చిన్న తేడాకే చెవి గొంతును ముందొచ్చిన వైపుకు లాగేస్తుంది. శబ్దాన్ని డిజిటల్‌గా సరిదిద్దే డీఎస్పీ పరికరంలో కుడి స్పీకరును ఆ ఒకటిన్నర మిల్లీసెకను ఆపి వదిలితే గొంతు మధ్యకు వస్తుంది. దూరాలు కొలవడానికి కావలసింది కొలత టేపు ఒక్కటే! పక్క సీటు వారికి ఇది నప్పదు కనుక, ఇంటిల్లిపాదీ ప్రయాణించేటప్పటికి వేరే సెట్టింగు దాచుకోవాలి. దీనికన్నా ముందు, ఏ స్పీకరుకైనా ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. ఒక్కటి తిరగబడినా బేస్ పలచబడుతుంది.

తర్వాతి పని, ఏ స్వరం ఎంత గట్టిగా వినబడుతోందో కొలవడం. దానికి మైకు కావాలి. జోరువానలా వినిపించే పింక్ నాయిస్ మోగిస్తూ, తల ఉండే చోట మైకును మెల్లగా తిప్పి సగటు తీస్తారు. కొలతకు ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. గ్రాఫులో ఎత్తుగా లేచినచోట ఈక్వలైజర్‌తో తగ్గించండి. లోతుగా పడిపోయిన చోటును మాత్రం పెంచి పూడ్చాలని చూడకండి. అద్దాలకు తగిలి తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేయడం వల్ల ఏర్పడే పల్లాలు చాలా ఉంటాయి. మీరు పెంచితే రెండూ పెరుగుతాయి, మళ్లీ కొట్టేసుకుంటాయి. పైగా 10 డెసిబెల్స్ పెంచడమంటే పదింతల పవర్. ఆంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది, స్పీకరు కాయిల్ కాలిపోవచ్చు.

గ్రాఫు బల్లపరుపుగా రావాలని పట్టుబట్టనక్కర్లేదు. టైర్ల హోరు కింది స్వరాలను మింగేస్తుంది కాబట్టి బేస్ కాస్త ఎక్కువుండాలి, పైకి పోయేకొద్దీ ట్రెబుల్ మెల్లగా తగ్గాలి. మూసిన క్యాబిన్ లోతైన బేస్‌ను తనంతట తానే పెంచుతుంది. అందుకే తలుపులు తెరిచి షాపు ముందు చేసిన ట్యూనింగ్ రోడ్డెక్కగానే గుడగుడమంటుంది.

ఈసారి షాపుకు వెళ్తే, తలుపులు మూసి, మీ సీట్లోనే కొలవమనండి. ఆ గ్రాఫు చూశాకే కొత్త స్పీకర్ల మాట ఎత్తండి.